తలుపు మీద ఎనిమిది

లారీ షెడ్డుకొచ్చినప్పుడు లోపల ఇంజనుందో లేదో చూద్దామన్నా బోనెట్ తెరుచుకోలేదు. ఎప్పటిదో మిలిటరీ లారీ. పాత ఇనుము కొట్టులో ఎండకి ఎండి, వానకి తడిసి, చివరికి మ్యూజియం వాళ్ల కంటబడింది. యుద్ధంలో తిరిగిన కవచం బండిలా దాన్ని తయారుచేయించి గేటు దగ్గర నిలబెడతారట. అప్పట్లో మిలిటరీ వర్క్‌షాపులో అలాంటివి నేను నిజంగానే చేశానని ఎవరో చెబితే, తెచ్చి నా నెత్తిన పెట్టారు. కాదనాల్సింది. అనలేకపోయాను.

నాలుగు నెలలు పట్టింది. పట్టేసిన ఇంజన్ని ఊడదీసి, తుప్పు గీకి, బ్రేకులు మార్చి, ఒక రోజు తిట్లతోనూ ఒక రోజు బుజ్జగింపులతోనూ మొత్తానికి నడిపించాను. తర్వాత చుట్టూ రెండు మిల్లీమీటర్ల రేకు తొడిగి, రివెట్లలా కనబడాలని గుండ్రటి తలల బోల్టులు అతికించాను. పైన తుపాకీ అంటారా, అది నీళ్ల పైపు. మ్యూజియం ఆఫీసరు చేతిలో ఎప్పుడూ ఒక పాత ఫోటో ఉండేది. "మేస్త్రీ, ఇందులో గొళ్లెం ఇటుంది, నువ్వు అటు పెట్టావేం?" అంటూ ప్రాణం తోడేసేవాడు. ఆయనకి ప్రశ్నల సారు అని నేనే పేరు పెట్టాను.

ఆ ఫోటో ఇచ్చింది మా అక్క. తెరిచిన తలుపు పక్కన నవ్వుతూ నిలబడ్డ డ్రైవరు మా బావ. తలుపు లోపలివైపు తెల్లరంగుతో ఎనిమిది అంకె, కాస్త వంకరగా. అది రాసింది నేను.

వర్క్‌షాపులో మాకో పద్ధతి ఉండేది. కవచం పలక బిగించినవాడే దాని మందం ఎన్ని మిల్లీమీటర్లో తలుపు లోపల రాయాలి. డ్రైవరు అది చదువుకుని బండి తీసుకుంటాడు. ఎనిమిదైతే మామూలు తూటా ఆగుతుంది. ఆ వారం పలకలు అయిపోయాయి. "రేకు కొట్టి ఎనిమిదని రాసెయ్. సాయంత్రానికల్లా బండ్లు కదలాలి. ఎవరికైనా చెప్పావో, నీ సంగతి చూస్తా" అన్నాడు పై అధికారి. నాలుగు బండ్లకి రాశాను. నాలుగోదాని మీద రంగు ఆరకముందే బావ వచ్చాడు. గుమాస్తా సరదాగా ఫోటో తీశాడు. బావ వేలి కణుపులతో తలుపు మీద రెండుసార్లు తట్టి, నా మొహంలోకి చూశాడు.

"బానే బిగించావురా బామ్మర్దీ" అని వీపు మీద ఒక్కటి చరిచి ఎక్కాడు.

ఒక్క మాట చాలు. పక్కకి పిలిచి, బావా ఇది రేకు, అంటే చాలు. నా ఉద్యోగం, నా భయం నాకు ముఖ్యమయ్యాయి. చెప్పలేదు. మూడో రోజు తూటా ఆ తలుపులోంచే వచ్చింది.

"తూటా పెద్దదక్కా, ఎనిమిది కూడా ఆపలేకపోయింది" అని అక్కతో చెప్పాను. ముప్పై రెండేళ్లుగా అదే మాట మీద ఉన్నాను. ఆమె ఇంటికి వెళ్తే కుళాయి బాగుచేస్తాను, ఫ్యాను బాగుచేస్తాను. కుర్చీలో మాత్రం కుదురుగా కూర్చోలేను.

రంగులన్నీ అయిన రోజు అక్క షెడ్డుకి వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. తలుపు దగ్గర ఆగి, బావలాగే వేలి కణుపులతో రెండుసార్లు తట్టింది. ఖాళీ డబ్బాలా మోగింది.

ప్రశ్నల సారు నాకు బ్రష్షు అందించాడు. "ఇదొక్కటే మిగిలింది మేస్త్రీ. ఫోటోలో ఉన్నట్టే రాయాలి. ఆ వంకర కూడా రావాలి."

తలుపు తెరిచి, బ్రష్షు ముంచి, రాశాను. రెండు.

"ఇదేంటయ్యా! ఫోటోలో ఎనిమిది కదా?"

"ఆ ఫోటోలోది అబద్ధం సార్. దానికీ ఇలాంటి రేకే వేశాను. రాసినవాణ్ణి నేనే." అక్క వైపు తిరిగాను గానీ తల ఎత్తలేకపోయాను. "తూటా పెద్దదేం కాదక్కా. మామూలుదే. బావని నేనే పంపించాను."

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"తెలుసురా."

నాకు అర్థం కాలేదు.

"మీ బావ దారిలో ఉత్తరం రాశారు. ఆయన పోయాక అందింది. 'తలుపు తట్టి చూశాను, రేకే. మీ తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. పైవాళ్లు రాయించి ఉంటారు. నేను ఎక్కనంటే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. వాణ్ణి నువ్వేం అడగకు, వాడే చెప్తాడు' అని." అక్క స్టూలు మీంచి నా వైపు తిరిగింది. "నేను అడగలేదు. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని చూశాను. నువ్వేమో కుళాయిలు బాగుచేసి పోయేవాడివి."

"అక్కా..."

"ఈ ఫోటో మ్యూజియం కోసం ఇచ్చాననుకున్నావా?"

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. అరవై ఏళ్లవాణ్ణి, సిగ్గు కూడా వేయలేదు. క్షమించానని అక్క అనలేదు. అడిగే మొహం నాకూ లేదు.

ప్రశ్నల సారు అక్కని మెల్లగా అడిగాడు. "మరి ఏం రాయమంటారమ్మా?"

"ఎనిమిదే రాయించండి. ఆయన ఎక్కిన బండి మీద ఉన్నది అదే. అది అబద్ధమని మీ బోర్డు మీద రాయించండి. రాసిన చెయ్యి ఎవరిదో కూడా."

సారు నా వైపు చూశాడు. నేను తలూపాను. గుడ్డతో రెండుని తుడిచేసి, మళ్లీ బ్రష్షు ముంచాను. చెయ్యి ఒకటే వణుకు. సారు ఫోటో పక్కన పెట్టి చూశాడు. ఎనిమిది అచ్చం అప్పటిలాగే, అంతే వంకరగా వచ్చింది.