ముట్టుకోకూడని కంప్యూటర్

మా పెద్దాడు మరియదాసు కంప్యూటర్ కొట్టు ఉయ్యూరుకీ పామర్రుకీ మధ్య బస్సు రోడ్డు మీదే ఉండేది. పెళ్లి కార్డులు కొట్టేవాడు, అప్లికేషన్లు కొట్టేవాడు, టైపు వచ్చినవాళ్లకి గంటకింతని కంప్యూటర్ అద్దెకిచ్చేవాడు. రెండువేల నాలుగులో ఒకడు అలా అద్దెకి కూర్చుని, జేబులోంచి ఫ్లాపీ తీసి, అందులో ఫైలు మా కంప్యూటర్లోకి ఎక్కించి, దొంగ డిగ్రీ సర్టిఫికెట్ అచ్చు తీసుకుని చక్కా పోయాడు. వాడు దొరకలేదు. కొట్టు కదలదు కనుక మావాడు దొరికాడు. మావాణ్ణీ, కంప్యూటర్నీ కలిపి స్టేషన్‌కి పట్టుకెళ్లారు.

"నేను చేసింది కాదండీ. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో కంప్యూటర్ లోపలే ఉంటుంది. తెలిసినవాళ్లతో చూపించండి చాలు" అని మావాడు ఎస్సై కాశీరావు గారి దగ్గర మొత్తుకున్నాడు. నా బిడ్డ పరువంతా ఇక ఆ డబ్బాలోనే ఉంది.

కాశీరావు గారు ఆషామాషీ మనిషి కాదు. కంప్యూటర్ నేరాలు ఎలా పట్టాలో బెజవాడ ఏసీ హోటల్లో నేర్చుకుని వచ్చారు. అక్కణ్ణుంచి ఒక సంచీ, ఒక పెన్ను, ఒక ముక్క తెచ్చుకున్నారు. ఆ ముక్క ఏమిటంటే, సాక్ష్యాన్ని ముట్టుకుంటే చెడుతుందని. ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెట్టకూడదని తెలిసిన ఏ ఆడదానికైనా ఆ మాట అర్థమవుతుంది. నాకూ అయింది.

మావాడికి క్యారేజీ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లేసరికి, ఆయన హెడ్ కానిస్టేబుల్ వెంకటప్పయ్యకి పాఠం చెబుతున్నారు.

"ఇదిగో హెడ్డూ, ఇది స్విచ్చి. నొక్కకూడదు" అంటూ నొక్కారు.

"అలాగే సార్."

"ఇదీ ఆ ఫైలు. తెరవకూడదు" అంటూ తెరిచారు.

"తెరిస్తే ఏమవుద్ది సార్?"

"నాశనమైపోద్దయ్యా! చూశావుగా?"

నేను ఉండబట్టలేక, "బాబూ, ముట్టుకోకూడదంటూనే..." అన్నాను.

"మామ్మగారూ, మేం ట్రైనింగ్ అయినోళ్లం. మీరు క్యారేజీ అక్కడ పెట్టండి."

ఎలా ముట్టుకోకూడదో చూపించడానికి ఆయన దాన్ని ముట్టుకోని రోజు లేదు. పై ఆఫీసరు తనిఖీకొచ్చినప్పుడు ఇంకో మెట్టెక్కారు. దొంగ సర్టిఫికెట్ ఎంత తేలిగ్గా పుడుతుందో చూపించాలని, పేరున్న చోట తన పేరే కొట్టారు. కాశీరావు, ఫస్టు క్లాసు. ఆఫీసరు మెచ్చుకున్నారట. ఈయన మురిసిపోయి 'సేవ్' కూడా నొక్కారు.

కేసు బెజవాడ కోర్టుకొచ్చింది. హైదరాబాదు ల్యాబు నుంచి ఒక అమ్మాయి వచ్చి సాక్ష్యం చెప్పింది.

"ఈ ఫైల్లో చివరిసారి రాసింది కంప్యూటర్ పోలీసుల దగ్గర ఉన్నప్పుడేనండీ. పాత గుర్తులు చెరిగిపోయాయి. మొదట ఎవరు చేశారో ఇక చెప్పలేం."

జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఇప్పుడు సర్టిఫికెట్ ఎవరి పేరు మీదుంది?"

ఆ అమ్మాయి కాశీరావు గారి వైపు చూసింది. "వారి పేరు మీదేనండీ."

కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏడుపు తర్వాత వచ్చింది.

మావాణ్ణి వదిలేశారు. ఎలా? అనుమానం మీద. పట్టుకెళ్లిందీ అనుమానం మీదే, వదిలిందీ అనుమానం మీదే. "మావాడు తప్పు చేయలేదని ఒక్క ముక్క రాయించండి బాబూ" అని ప్లీడరు గారిని బతిమాలాను.

"వదిలేశారుగా మామ్మగారూ! సంతోషించండి" అన్నారాయన.

సంతోషించాను. మావాడి తరఫున నిజం చెప్పగల ఒకే ఒక్క సాక్షిని పాఠం చెప్పి చంపేశాక, మిగిలింది సంతోషించడమేగా! కాశీరావు గారికీ శిక్ష పడింది లెండి. చుట్టుపక్కల స్టేషన్ల వాళ్లందరికీ అదే పాఠం చెప్పే పని ఆయనకే ఇచ్చారు.

కొట్టు మళ్లీ తెరిచాక పెళ్లి కార్డుల వాళ్లు రావడం మానేశారు. ఒక మధ్యాహ్నం నేనూ కొట్లోనే ఉండగా, సఫారీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పామర్రు బస్సు దిగి వచ్చి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మరియదాసంటే నువ్వేనా? కోర్టునే బోల్తా కొట్టించావంట! గట్టోడివయ్యా. మా బామ్మర్దికి ఒక బీకాం కావాలి."

మావాడు లేచి, ఇక వెళ్లమన్నట్టు షట్టరు సగం దించాడు.

ఆయన అది గుట్టుగా మాట్లాడుకోవడానికే అనుకున్నాడు. వంగి లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, నన్ను చూపిస్తూ, "మామ్మగారు మనోళ్లేగా?" అన్నాడు.