పళ్ల కింద పెరిగిన కండ

మా అక్క ఊల్కాన్ తెమిర్ కొముజ్ వాయించినప్పుడల్లా లోయంతా చప్పట్లు కొట్టేది. ఆమె నోటికి ఏమవుతోందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

తెమిర్ కొముజ్ అంటే మోర్సింగ్ లాంటిదే. పళ్లకు ఆనించి మీటాలి. అక్కకు పై పళ్లన్నీ పోయాక పట్నంలో కట్టుడు పళ్లు పెట్టించుకుంది. కొన్నేళ్లకు చిగురు కింద ఎముక అరిగి అవి వదులయ్యాయి. ఇనుము ఆనిస్తే చాలు, పళ్లు అమర్చిన పలక ఊగేది. ఆ పళ్లు కట్టినవాడి దగ్గరికి వెళితే అలవాటు చేసుకోమన్నాడు. రాత్రిళ్లు కూడా తీయకపోతే చిగురు గట్టిపడుతుందన్నాడు. వాడి నోట్లో పెట్టాలి ఆ పళ్లు.

మా ఆడవాళ్లు దేవదారు బంక నములుతుంటారు. అక్క ఆ బంకే నమిలి, మెత్తగా చేసి, పలక లోపల అద్దింది. పలక కదల్లేదు. మళ్లీ మళ్లీ అద్దడం విసుగని పళ్లు తీయడమే మానేసింది. కచేరీలు పెట్టించే సాంస్కృతిక భవనం పెద్ద షార్షెన్‌కి ఇదంతా తెలుసు. తెలిసీ, తెలివంటే ఊల్కాన్‌దేనని నలుగురిలో మెచ్చుకున్నాడు.

లారీలో బొగ్గు దింపేసి ఒకరోజు అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్క చాయ్‌లో రొట్టె ముంచుకు తింటోంది. కొరికిన చోట నెత్తురు. అడిగితే ఏమీ లేదంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక ఆమె మాట వినలేదు, లారీ ఎక్కించి నారిన్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ పలక ఊడదీసింది. గదంతా కంపు. అంగిలి పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది. పై పెదవి లోపల, పలక అంచు ఒరుసుకునే చోట, మడతలు మడతలుగా కండ పెరిగింది.  కాన్సరేమోనని భయపడ్డాను. అక్క మాత్రం మళ్లీ వాయించగలనా అని అడిగింది.

కాన్సర్‌లా లేదుగానీ కోసి పరీక్షకు పంపాలంది డాక్టరమ్మ. రాపిడికి కండ పెరిగిందట. రాత్రింబగళ్లు గాలి తగలక అంగిలి పాచిపోయిందట. పుండు మానేదాకా నోట్లో పళ్లుగానీ కొముజ్‌గానీ పెట్టొద్దంది. ఆ తర్వాత కొత్త పళ్లు, అవీ రాత్రిపూట తీసి నీళ్లలో వేయాలి.

కోశారు. పరీక్షలో చెడ్డదేమీ లేదని తేలింది. కుట్లు ఇంకా ఆరకముందే షార్షెన్ ఊడిపడ్డాడు. పండక్కి పెద్ద అతిథులొస్తున్నారట.

"ఒక్క పాటే అక్కా. పాత పళ్లే పెట్టుకో. అయిపోగానే తీసేద్దువుగాని."

"నీ నోట్లో కుట్లేసి ఉపన్యాసం ఇప్పిద్దామా?" అన్నాను.

"నువ్వూరుకో కుబాన్. ఇది బొగ్గు తోలడం కాదు."

 అక్క పెదవి పైకెత్తి చూపించింది. వాడు గబుక్కున మొహం తిప్పుకున్నాడు.

"చూడలేవు గానీ వాయించమంటావా నాయనా?" అంది.

పండగరోజు మైకులో, ఆమె నోటి పుండు ఊసెత్తకుండా, ముసలితనం వల్ల ఊల్కాన్ వాయిద్యం మానేసిందని షార్షెన్ ప్రకటించాడు. అక్క నా పక్కనే కూర్చుని, బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.