లాయిడ్‌ని పనిలోంచి తీసేశాం

డార్ట్‌మత్‌లో రేవుకు దగ్గరగా ఉన్న మా ఫ్లాట్‌కి సహాయకుణ్ణి ఎంచుకునే హక్కు మాదే. నా పేరు రొవీనా, చక్రాల కుర్చీలో ఉంటాను. నాతో ఉండే డోరిన్‌కి డౌన్ సిండ్రోమ్. నలభై దాటాక గానీ సొంత ఇంటి తాళంచెవి ఆమె చేతికి రాలేదు. అంతకుముందు ఇద్దరం, మాలాంటివాళ్లందరినీ ఒకచోట ఉంచి చూసుకునే ఒకే గ్రూప్ హోమ్‌లో ఉండేవాళ్లం. అక్కడ మంగళవారమంటే మాకరోనీ. నోటికి సయించినా, సయించకపోయినా మాకరోనీయే.

సహాయకుల్ని ఏర్పాటు చేసే సంస్థ తరఫున మా బాగోగులు చూసే ఇమెల్డా ముగ్గురిని ఇంటర్వ్యూకి తీసుకొచ్చింది. మొదటావిడ మమ్మల్ని వదిలేసి ఇమెల్డాతోనే మాట్లాడింది. రెండో అతనికి పిల్లులంటే పడదట. మాకు పిల్లి లేదు, అయినా డోరిన్‌కి అతను నచ్చలేదు. మూడోవాడు లాయిడ్. ఫిడేలు పట్టుకొచ్చాడు.

"ఇతనే!" అంది డోరిన్, అతను ఇంకా కూర్చోకముందే.

అతను వెళ్లాక ఇమెల్డా నసిగింది. "కాస్త ఆలోచించుకోండి. ఇంతకుముందు పనిచేసిన చోట ఇతన్ని తొందర మనిషి అన్నారు."

"మంచిదేగా, నా టీ చల్లారదు" అన్నాను.

"సరే, మీ ఇల్లు, మీ ఇష్టం" అని నవ్వేసింది.

లాయిడ్ మనిషి బంగారం. సాయంత్రం ఫిడేలు తీశాడంటే పై అంతస్తు వాళ్లు కూడా కిందికి దిగి వచ్చేవారు. కానీ అతని చేతులు ఊరుకునేవి కావు. డోరిన్ బంగాళాదుంప చెక్కు తీస్తుంటే "ఇటివ్వమ్మా, నేను చేసేస్తా" అని లాక్కునేవాడు. ఆమె బూటు లేసు కోసం వంగేలోపే ముడి పడి ఉండేది. రేవులో నేను నీళ్లవైపు చూస్తుంటే, అడగకుండానే నా కుర్చీ తోసుకుపోయేవాడు.

నాకు ఒళ్లు మండేది. డోరిన్ బాధపడుతుందని నోరు మెదపలేదు. ఒక పొద్దున్న ఆమే నా గది తలుపు తట్టింది.

"రొవీనా, నేను పాన్‌కేక్ తిప్పడం మర్చిపోయా."

"అదేంటే, అంత కష్టపడి నేర్చుకున్నావుగా?"

"వాడు తిప్పనిస్తే కదా! మనింట్లో నేనే చుట్టాన్నైపోయా. వాణ్ణి తీసేద్దాం."

"మరి ఫిడేలో?"

డోరిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది కావాలి."

ఇమెల్డాకి ఫోన్ చేస్తే 'నేను ముందే చెప్పానుగా' అనలేదు. "నేను చెప్పనా, మీరు చెబుతారా?" అని మాత్రం అడిగింది. మేమే చెబుతామన్నాం. ఇక రిహార్సల్ మొదలైంది. లాయిడ్ వేషం నాది. డోరిన్ నన్ను మూడుసార్లు తీసేసింది. మూడుసార్లూ నా మొహం చూసి జాలిపడి, మళ్లీ పనిలో పెట్టుకుంది.

మర్నాడు లాయిడ్ కోటు విప్పుతుండగానే డోరిన్ అనేసింది, "లాయిడ్, నువ్వు మంచోడివి. నీకు ఉద్యోగం లేదు."

అతను కోటు సగం విప్పి అలాగే నిలబడిపోయాడు. "నేనేం తప్పు చేశాను?"

"తప్పేం చెయ్యలా. అన్నీ నువ్వే చేశావు."

లాయిడ్ నావైపు చూశాడు. తల ఊపాను. అతను పక్కనున్న కుర్చీలో కూలబడి, "మా అమ్మ కూడా ఇదే అంటుంది" అన్నాడు మెల్లగా. "మరి ఇక రాకూడదా?" అని అడిగాడు.

"ఆదివారం రా, చుట్టంలాగా. బెల్లు కొట్టి రా" అంది డోరిన్.

వచ్చాడు. బెల్లు కొట్టి, లోపలికొచ్చి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. డోరిన్ చేప కట్లెట్లు వేయించింది. ఒకటి విడిపోయింది, ఇంకోటి మాడింది. లాయిడ్ లేవబోయినప్పుడల్లా ఇద్దరం "కూర్చో!" అని అరిచాం. మాడినదాన్ని అడిగి మరీ పెట్టించుకున్నాడు.

ఆ తర్వాతి ఇంటర్వ్యూల్లో డోరిన్ అందరినీ ఒక్కటే ప్రశ్న అడిగింది. "నేను మెల్లగా చేస్తా. అప్పుడు నువ్వేం చేస్తావు?"

"టీ తాగుతూ కూర్చుంటా" అంది హైదీ అనే ఆవిడ.

ఆమెనే పెట్టుకున్నాం.