వెనక చక్రాలు తిరగని రోజు

మా లీపోవ్ ఊళ్ళో బ్యాంకు మూల మలుపు పొడుగు బండ్లకి కొరుకుడు పడదు. ఒకవైపు బ్యాంకు రాతిగోడ, రెండోవైపు మంగలి షాపు అరుగు. ఏటా జూన్‌లో, మా తాతలు వదిలొచ్చిన చెక్ దేశం పేరున జరిపే పండగ ఊరేగింపు మాత్రం ఆ మూల తిరిగే చర్చి ముందుకి రావాలి. అందుకని పాటల బృందం ముసలమ్మలు కూర్చునే ట్రెయిలర్‌ని లాగే పని ఎమిల్ కొప్రీవాకే అప్పగించేవారు. అతని పికప్‌కి స్టీరింగు తిప్పితే వెనక చక్రాలు కూడా పక్కకి తిరుగుతాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు ముందువి కుడికి తిరిగితే వెనకవి ఎడమకి తిరుగుతాయి. అంత బండీ పిల్లిలా ఒళ్ళు వంచి మూల మళ్ళేది. వెనకాల ట్రెయిలర్ అరుగు తాకకుండా చక్కగా వచ్చేసేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఎమిల్ టోపీ ఎత్తి చూపేవాడు.

ఆ బండిని అతను సెకండ్ హ్యాండులో కొన్నాడు. కంపెనీవాళ్ళు అలాంటివి చెయ్యడం ఎప్పుడో మానేశారు. విడిభాగాలు దొరకవు. చుట్టుపక్కల అటువంటి బండి కొన్నవాళ్ళంతా వెనక స్టీరింగు చెడిపోతే వదిలేసి, మామూలు బండిలా తోలుకుంటున్నారు. ఎమిల్‌ది మాత్రం చెడలేదు. చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు బండి అడుగున పేరుకుంటుంది. మంచు కరగగానే అతను కిందికి దూరి అదంతా కడిగేవాడు. వెనక ఇరుసు దగ్గర వైర్లు కలిసే కనెక్టర్లు విప్పి, తుడిచి, గ్రీజు పూసి బిగించేవాడు. ఆ పని మీద అతనికి గర్వం. కాస్త ఎక్కువే గర్వం.

ఆ ఏడు వసంతంలో బండి కింద వెల్లకిలా పడుకుని తల పక్కకి తిప్పేసరికి లోకం గిర్రున తిరిగింది. ఇరుసు ఎక్కడుందో, నేల ఎక్కడుందో తెలియలేదు. మోచేతుల మీద పాక్కుంటూ బయటపడి, షెడ్డు గోడ పక్కన వాంతి చేసుకున్నాడు. మర్నాడు మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే. అరవై ఏడేళ్ళవాడికి తల తిరగడం వింతేమీ కాదు. కానీ ఎమిల్‌కి అది చెప్పుకోవడం చావుతో సమానం అనిపించింది. డబ్బాలోంచి ఇంత గ్రీజు తీసి చేతులకీ మోచేతులకీ పులుముకుని ఇంట్లోకి వెళ్ళాడు.

"అయిపోయిందా?" అంది భార్య లొరేన్.

"అయిపోయింది," అన్నాడు. సింకు దగ్గర చేతులు కడుక్కుంటుంటే అతనికి ఆమె వైపు తిరగాలనిపించలేదు.

మే నెలలో డ్యాష్‌బోర్డు మీద వెనక స్టీరింగు లైటు ఒకటి రెండుసార్లు వెలిగింది. బండి ఆపి మళ్ళీ స్టార్టు చేస్తే ఆరిపోయింది. ఆరిపోయింది కదా అని ఊరుకున్నాడు.

పండగకి ముందు శనివారం లొరేన్ తమ్ముడు రూడీ, దూడని ఎక్కించుకు రావడానికి పికప్ అడిగి తీసుకెళ్ళాడు. సాయంత్రం తాళం తిరిగిస్తూ అన్నాడు:

"బావా, దార్లో లైటు వెలిగింది. వెనక చక్రాలు కాసేపు బిగుసుకుపోయాయి. కిందికి దూరి చూడనా?"

"నువ్వా? కిందటేడు గడ్డి కోసే మిషన్‌కి చెయిన్ తిరగేసి బిగించినవాడివి నువ్వే కదూ?"

"నేనే. అయినా అది తిరిగింది కదా."

"ముందుకి తిరిగిందా, వెనక్కి తిరిగిందా?"

రూడీ నవ్వేశాడు. "సరే, నువ్వే చూసుకో. వచ్చే శనివారం ఆ ముసలమ్మల్ని మంగలి షాపులో దింపకు మరి."

"నా బండి కిందికి నేను తప్ప ఎవడూ దూరడు," అన్నాడు ఎమిల్. అప్పటికి ఆ మాట పూర్తిగా అబద్ధమైపోయింది. ఇప్పుడు ఎవరూ దూరడం లేదు.

పండగ రోజు ఎండ బాగా కాసింది. ఎర్ర పావడాలు, కుట్టుపని చేసిన జాకెట్లు వేసుకుని తొమ్మిదిమంది ముసలమ్మలు ట్రెయిలర్ మీద గడ్డిమోపులపై కూర్చుని పాడుతున్నారు. వెనకాల బ్యాండువాళ్ళు, వాళ్ళ వెనక గుర్రాలు. ఎమిల్ బ్యాంకు మూల దగ్గర స్టీరింగు తిప్పాడు. బండి ముక్కు తిరిగింది. లైటు వెలిగింది. వెనక చక్రాలు పక్కకి తిరక్కుండా తిన్నగా ఉండిపోయాయి.

అప్పుడే ఆగి ఉంటే పోయేది. గుర్రాల్ని వెనక్కి జరిపి, నలుగురూ కలిసి ట్రెయిలర్‌ని విడదీసేవారు. కానీ అందరూ చూస్తున్నారు, చప్పట్లకి చేతులు కూడా ఎత్తేశారు. ఎమిల్ ఇంకాస్త పోనిచ్చాడు. ట్రెయిలర్ లోపలి చక్రం మంగలి షాపు అరుగెక్కి, దబ్బున దిగింది. గడ్డిమోపులు దొర్లాయి. పాట ఆగిపోయింది. అందరికంటే చివర కూర్చున్న ఓల్గా మషేక్, ఎనభై దాటిన మనిషి, చెయ్యి ఆన్చుకుంటూ రోడ్డు మీద పడింది. మణికట్టు విరిగింది.

జనం పరిగెత్తుకొచ్చారు. పండగ కమిటీ పెద్దమనిషి కిటికీ దగ్గరికొచ్చి, "ఏమైందయ్యా ఎమిల్?" అన్నాడు.

ఎమిల్ నోట్లోంచి మాట ఊడిపడింది. "పోయిన వారం రూడీ తీసుకెళ్ళాడు. ఏం చేశాడో ఏమో."

రూడీ అక్కడే ఉన్నాడు. అప్పటికే బండి వెనక చక్రం పక్కన నేలమీద పడుకుని అడుగున తల పెట్టి చూస్తున్నాడు. మాట విని బయటికొచ్చాడు. అతని వేలి చివర పచ్చటి చిలుము అంటుకుని ఉంది. విప్పని కనెక్టరులో ఉప్పు పట్టి పేరుకున్న చిలుము. ఒక్క వారంలో పట్టేది కాదని ఇద్దరికీ తెలుసు. రూడీ బావ మొహంలోకి చూశాడు. అక్కడేం కనబడిందో గానీ, వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అవును," అన్నాడు కమిటీ పెద్దతో. "వాగులో దింపాను. నీళ్ళు పోయుంటాయి."

ఎమిల్ కాదనలేదు.

ఆ తర్వాత ఊళ్ళో రూడీకి మనశ్శాంతి లేదు. కాఫీ దుకాణంలో అతను అడుగుపెడితే, "వాగు లోతెంత రూడీ?" అని ఎవరో ఒకరు అడిగేవారు. మరొకడు, "మా ఆవిడ కారు ఇస్తా, ఈత నేర్పిస్తావా?" అనేవాడు. రూడీ నవ్వి ఊరుకునేవాడు. కమిటీ అతన్ని ఊరి విందుల్లో మాంసం కాల్చే పని నుంచి తప్పించింది. పదేళ్ళుగా అతను ఇష్టపడి చేసే పని అది.

ఎమిల్ ఆ దుకాణానికి వెళ్ళడం మానేశాడు. చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, ప్రార్థన ముగియకుండానే వచ్చేసేవాడు. ఒక మధ్యాహ్నం ఓల్గా ఇంటి ముందు నుంచి పోతుంటే, ఎండలో రూడీ ఆమె పెరట్లో పచ్చిక కోస్తూ కనిపించాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఓల్గా కట్టు కట్టిన చేత్తో మెట్ల మీద కూర్చుని, ఆ మూల మిగిలిపోయిందంటూ సైగ చేస్తోంది. ఎమిల్ తల వంచుకుని బండి వేగం పెంచాడు. మలుపు తిరిగాక కూడా చెవులు కాలుతూనే ఉన్నాయి.

రెండు రోజులు తిండి సయించలేదు. లొరేన్ ఉడికించిన పిండి ముద్దలూ క్యాబేజీ కంచంలో అలాగే వదిలేశాడు. మూడో రోజు ఓల్గా తలుపు తట్టాడు. ఆమె అతని తల్లి స్నేహితురాలు. చిన్నప్పట్నించీ పిన్నీ అని పిలవడం అలవాటు.

"పిన్నీ, ఆ రోజు తప్పు రూడీది కాదు. నాది. నేను బండి చూసుకోలేదు. లైటు వెలుగుతున్నా ఊరుకున్నాను."

ఓల్గా కట్టు కట్టిన చెయ్యి గుమ్మానికి ఆన్చింది.

"మరి నా పచ్చిక వాడెందుకు కోస్తున్నాడు?"

ఎమిల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ అమ్మ బతికుంటే చెవి మెలిపెట్టేది. నాకు ఒక్క చెయ్యే ఉంది ఇప్పుడు." ఆమె తలుపు సగం మూసింది. "నాతో చెప్తే ఏం లాభం? నేను పడ్డాను, అంతే. నువ్వు అబద్ధమాడింది ఊరందరి ముందు. అక్కడే చెప్పు."

ఆదివారం చర్చి హాల్లో అందరూ కాఫీ తాగుతూ, మధ్యలో గసగసాలు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, కొలాచీలు, తింటున్నారు. ఎమిల్ లేచి నిలబడ్డాడు. అతను మాట్లాడింది నాలుగే మాటలు. రూడీ వాగులో దింపలేదని, బండి తన నిర్లక్ష్యం వల్లే ఆగిందని, తెలిసి తెలిసి వాడి మీద నెట్టానని చెప్పాడు. ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు వినబడింది. లొరేన్ తన కప్పులోకి చూస్తూ కూర్చుంది. రూడీ కుర్చీ వెనక్కి తోసి, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఎమిల్ సాయంత్రం అతని దొడ్డికి వెళ్ళాడు. రూడీ కంచె తీగ లాగి కడుతున్నాడు.

"చెప్పేశాను," అన్నాడు ఎమిల్.

"విన్నాను. చెవుడు లేదు నాకు." తీగని మరింత బిగించాడు. "ఇప్పుడు నీతోపాటు నేనూ అబద్ధాలకోరునే. నెలంతా ఆ వెధవల మాటలు పడింది దేనికి? నీ పరువు నిలబెడదామని. దాన్ని పడగొట్టే ముందు నాతో ఒక్క ముక్క అనకూడదా?"

ఎమిల్ తలవంచుకున్నాడు. మెప్పు కోసం వచ్చాడని కాదు. క్షమించేస్తాడని మాత్రం లోపల ఎక్కడో ఆశపడ్డాడు. ఆ ఆశ ఉన్నందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"అసలెందుకు దూరలేదు బండి కిందికి? అది చెప్పు," అన్నాడు రూడీ.

హాల్లో మాట్లాడటం కంటే ఈ జవాబు కష్టమైంది. "పడుకుంటే తల తిరుగుతోంది. వాంతి అవుతోంది. ఎవరికీ చెప్పలేదు."

"మా అక్కకి?"

"చెప్పలేదు."

రూడీ తీగ వదిలేశాడు. "అంతేనా? ఇంతా చేసి ఇదా? నాకు చెబితే నవ్వేవాణ్ణి బావా. ఒక పూట నవ్వేవాణ్ణి. తర్వాత దూరేవాణ్ణి."

తమ్ముడు చెప్పగా విని, లొరేన్ మర్నాడే ఎమిల్‌ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, తలని ఒకవైపు తిప్పి కాసేపు ఉంచి, మరోవైపు తిప్పి, లేపి కూర్చోబెట్టాడు. చెవి లోపలి సూక్ష్మమైన పలుకులు చోటు తప్పితే ఇలా అవుతుందని, చాలామందికి వస్తుందని చెప్పాడు. కాఫీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. తిరుగుడు చాలా మటుకు తగ్గిపోయింది. ఎమిల్ బల్ల అంచు పట్టుకుని చాలాసేపు కిందికి దిగలేదు. ఇంత చిన్నదాని కోసం ఒక ముసలామె చెయ్యీ, బావమరిది పేరూ రెండూ విరగ్గొట్టాడు.

"తల ఇంకా తిరుగుతోందా?" అంది లొరేన్.

"లేదు," అన్నాడు. "అదే బాధ."

ఆ గురువారం రూడీ చెప్పాపెట్టకుండా వచ్చాడు. జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, వైరు బ్రష్ పట్టుకుని బండి కిందికి దూరాడు. అతని బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎప్పుడూ వాగే మనిషి ఒక్క జోకు వెయ్యలేదు. బ్రష్ గీరుతున్న చప్పుడు, అప్పుడప్పుడు "పానా", "గుడ్డ", "గ్రీజు". ఎమిల్ వంగి అందిస్తున్నాడు. ఒక కనెక్టరు పిన్నుని చిలుము తినేసి ఉంటే కొత్త తీగ అతికించారు. చాలా పొద్దు పట్టింది.

"స్టార్టు చేసి తిప్పు," అని కింద నుంచి రూడీ కేకేశాడు.

ఎమిల్ ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టాక, చెప్పాల్సిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి.

"రూడీ..."

"మాట్లాడకు బావా. తిప్పు."

అతను తిప్పాడు.