చేంతాడు ముడులు

"పాల్మాకుల శివారు, అనంతమ్మ బావి. నీరు తేటగా ఉంది. తాగడానికి పనికొస్తుంది" అని అధికారి మైకులో చదివాడు.

షామియానా కింద కూర్చున్న అనంతమ్మ చెవులు గింగురుమన్నాయి. రెండేళ్లుగా క్వారీ గుంతలోని నీళ్లను, రాతి బురదను మోటార్లు పెట్టి వాగులోకి తోడుతున్నారు. వాగు పక్కనున్న తన బావిలోకి తెల్లటి మడ్డి దిగుతోంది. ఆ నీళ్లు పారిన కొత్తిమీర మొలిచిన వారానికే మాడిపోతోంది. అలాంటి నీళ్లకు ఈ సర్టిఫికెట్టు! క్వారీని ఇంకా లోతుకు తవ్వనివ్వాలా వద్దా అని తేల్చే సభ అది. తవ్వితే మిగిలిన కాస్త ఊటా గుంతలోకే పోతుంది. ఆమెకున్న ఎకరం మడి బీడవుతుంది.

"అబద్ధం సారూ! మా బాయిల నీళ్లు పశువులు గూడ ముడ్తలేవు."

ముందు వరసలో కాంట్రాక్టరు నవ్వాడు. "నీ చేతులతోనే ఇస్తివి కదమ్మా సీసాల నీళ్లు. ఇగ అబద్ధమేంది?"

నిజమే, ఇచ్చింది. ఆ మధ్య మండుటెండలో బావి నీళ్ల పరీక్షకని ల్యాబు నుంచి మృదుల అనే అమ్మాయి వచ్చింది. మొహం కందగడ్డలా ఎర్రబడింది. "బాయి కాడికి పోవుడు ఎందుకు బిడ్డా, కూసో" అని అనంతమ్మ బిందె ముందు పెట్టింది. పొద్దున్నే పటిక తిప్పి, పాత చీరతో వడగట్టిన నీళ్లవి. ఇంటికొచ్చిన ఆడపిల్లకు మడ్డి నీళ్లు ఎవరైనా పోస్తారా? ఆ పిల్ల తాగింది, సీసా కూడా ఆ బిందెలోంచే నింపుకుంది. పేదవాడి మర్యాదను కూడా ఉన్నవాడు సాక్ష్యంగా రాసుకుంటాడని అనంతమ్మకు అప్పుడు తెలియదు.

జనం గోల చేశారు. నెల తర్వాత మళ్లీ సభ పెడతామని అధికారి లేచిపోయాడు. వెనక కూర్చున్న మృదుల అనంతమ్మ దగ్గరికి వచ్చి పటిక సంగతి విన్నది.

"తప్పు నాదేనండి. బావిలోంచి నేనే చేదుకోవాల్సింది. మళ్లీ పరీక్ష చేద్దామంటే మా ఆఫీసులో ఒప్పుకోలేదు. మీరే రోజూ కొలవండి. నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో రాసిపెట్టండి. రోజుకొక సీసా కూడా పట్టి ఉంచండి. పటిక మాత్రం వేయకండి."

సాయంత్రం పక్కింటి జంగమ్మ అరుగు మీద పెద్ద వాదులాట. "నీ మర్యాదే మన కొంప ముంచింది" అని అనంతమ్మ మీద ఆమె మొగుడు ఐలయ్య ఎగిరాడు.

"అక్కనంటవేంది బావా? మా ఇంటికొచ్చినా గదే నీళ్లు పోస్తుంటి" అంది జంగమ్మ. "రెండేండ్ల సంది దరఖాస్తులు పట్టుకొని తిరిగినవు గదా. ఏమన్న అయ్యిందా?"

అనంతమ్మ అప్పటిదాకా ఏడుస్తూ ఉంది. ఇప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంది. "చేంతాడు ఉన్నది గదా. మూరకొక ముడి ఏస్త."

మర్నాటి నుంచి ముడులు లెక్కపెట్టి తాడు వదిలింది. మొదటి రోజు నీళ్లు పదమూడో ముడికి అందాయి. రోజుకొక సీసా నింపి గూట్లో పెట్టింది. తిట్టిన ఐలయ్యే వాటి మీద తేదీలు రాశాడు. జంగమ్మ వాగు దగ్గర నిలబడి మోటార్లు ఎప్పుడు మొదలవుతున్నాయో, ఎప్పుడు ఆగుతున్నాయో చూసి వచ్చి చెప్పేది.

పదో నాటి పొద్దున చూస్తే ఎవరో చేంతాడు కోసేశారు. అనంతమ్మ తెగిన కొస పట్టుకుని గట్టు మీద కూలబడింది. జంగమ్మ మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. మధ్యాహ్నానికల్లా ఊళ్లో పదకొండు బావులకు ముడుల తాళ్లు వేలాడాయి. ఎన్నని కోస్తారు?

రెండో సభలో ముప్పై సీసాలు అధికారి బల్ల మీద వరసగా నిలిచాయి. అడుగున మడ్డి వేలెడు మందాన పేరుకుంది.

"పదమూడు ముడులకు అందే నీళ్లు పందొమ్మిదికి దిగినయి" అంది అనంతమ్మ. గ్లాసు నింపి చాచింది. "తాగనీకి పనికొస్తయంటివి గదా. తాగు సారూ."

అధికారి గ్లాసు వంక చూశాడు, కాంట్రాక్టరు వంక చూశాడు. "తాగు! తాగు!" అని షామియానా దద్దరిల్లింది. అతను తాగలేదు. పోలీసులు వచ్చారు. సభకు అడ్డు తగిలిందని అనంతమ్మను జీపెక్కించారు. తోపులాటలో సగం సీసాలు పగిలాయి, సభ ఏదీ తేల్చకుండానే ముగిసింది.

తెల్లవారింది. స్టేషన్ బెంచీ మీద అనంతమ్మకు కునుకు లేదు. కేసు గురించి కాదు ఆమె పరేషాన్. ఈ రోజు బావిని ఎవరు కొలుస్తారు? ఒక్క రోజు తప్పినా లెక్క చెల్లదంటారు, తవ్వుకోండంటారు. నెత్తి మీదుగా దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకు విమానం దిగుతూ ఉంటే ఆ మోతలో ఏమీ వినబడలేదు. మోత తగ్గాక గేటు దగ్గర జంగమ్మ గొంతు వినిపించింది.

"అక్కా! నీ బాయి ఇరవై ముడులు!"

ఇరవై. ఒక్క రోజులో మరో మూర దిగింది. అనంతమ్మ కళ్లు మూసుకుంది. అంతలో ఇంకో గొంతు, "మాది పద్దెనిమిది!" ఆ వెనకే ఐలయ్య గొంతు, "మల్లేశ్వరోళ్లది ఇరవై రెండు!" ఒకరి తర్వాత ఒకరు పదకొండు బావుల లెక్కా గేటు బయటి నుంచి చెప్పారు. కానిస్టేబులు లాఠీ తీసుకుని గేటు వైపు కదిలాడు.

అనంతమ్మ లేచి నిలబడింది. "ఆగు బిడ్డా" అంది. "ముందుగల గవి నీ బుక్కుల రాస్కో. రేపు గూడ వస్తరు."