పసుపంటిన వాల్వు

మా ఇంట్లో నా హస్తవాసికి పెద్ద పేరు. తోడు పెట్టిన పెరుగు, నాటిన కరివేపాకు సంగతి అటుంచండి, ఆ పేరు అసలు వచ్చింది ఒక రేడియో వల్ల. జనగామ దగ్గర మా ఊళ్లో ఇంకా కరెంటు లేని రోజుల్లో మామగారు రాజలింగు కొన్న వాల్వుల రేడియో అది. ఇటుకంత బ్యాటరీతో నడిచేది. సాయంత్రం ఆయన స్నేహితులను పోగేసి పాటలు పెట్టబోతే చాలాసార్లు మూగనోము పట్టేది. మర్నాడు మధ్యాహ్నం అందులో వచ్చే ఇంగ్లీషు పాఠానికి నేను దాని చెవి మెలిపెడితే చక్కగా పలికేది. మెకానిక్ వచ్చిన రోజు కూడా ఏ వంకా లేకుండా పాడి మామగారి పరువు తీసింది.

"ఇది కోడలి మాటే ఇంటది" అని చివరికి ఆయనే ఒప్పేసుకున్నారు. సాయంత్రం నన్ను పిలిచి తిప్పిద్దామని చూస్తే మాత్రం, నలుగురు మగవాళ్ల మధ్యకు కోడలు రావడమేమిటని అత్త సారలమ్మ కసిరేది.

ఆ పాఠాలు వినే ప్రైవేటుగా మెట్రిక్ పాసై, ఇంగ్లీషు టీచరునయ్యాను. అత్త నా చదువు గురించి మంచీ చెడూ ఒక్క మాట అనలేదు. పాఠం వేళకు బావి దగ్గరుంటే "పో, నీ డబ్బా పెట్టుకో" అనేది, అంతే. ఆమెకు నా చదువు గిట్టదనే అనుకున్నాను.

ఇప్పుడు తార్నాకలో ఉంటున్నాం. ఆ రేడియోను షోకేసులో పెడదామని మా కోడలు, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని మా అబ్బాయి. నాకు మాత్రం అది ఒక్కసారి పలకాలి. నాకీ బతుకునిచ్చిన గొంతు అది, మళ్లీ వినకుండా పోవడం నాకిష్టం లేదు. పై ఫ్లాట్‌లో అద్దెకుండే భార్గవి బాగుచేస్తానంది. కడప అమ్మాయి, యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది, పాత రేడియోలంటే పిచ్చి.

ఎండిపోయిన కండెన్సర్లు మార్చింది. ఆ రకం బ్యాటరీ ఇప్పుడు దొరకదు కాబట్టి, తొమ్మిది వోల్టుల చిన్నవి ఒకదానికొకటి బిగించి పెద్దది తయారు చేసింది. తర్వాత వాల్వులు పీకి బల్ల మీద పెట్టి నన్ను పిలిచింది. బొటనవేలంత గాజు బుడ్లు. మిగతావాటి కాళ్లు నల్లబడి ఉన్నాయి. ఒకదానివి మాత్రం తోమినట్టు మెరుస్తున్నాయి, సందుల్లో ఏదో పచ్చగా గట్టిపడి ఉంది.

"దీన్నొక్కదాన్నే మాటిమాటికీ పీకి పెట్టినారు టీచర్. ఇది లేకుంటే రేడియో పలకదు, బ్యాటరీ కూడా పెద్దగా ఖర్చు కాదు."

ఆ పచ్చనిదాన్ని గోటితో గీకి చూశాను. పసుపు.

మా అత్త పసుపు కుండ గూట్లో ఉండేది. అందులో మగవాళ్లు చెయ్యి పెట్టరు. బ్యాటరీ తెప్పించడం గగనమైన రోజుల్లో, అది పాటలకు అయిపోకుండా, పొద్దుగూకే వేళకు వాల్వు పీకి పసుపులో దాచి, మధ్యాహ్నం నేనొచ్చేలోపు బిగించేది. మెకానిక్ వస్తున్నాడంటే ముందే పెట్టేసి ఉంటుంది. మొగుడి ముందు కిక్కురుమనలేదు. నాకూ చెప్పలేదు. ఆ బల్ల ముందే కూర్చుని ఏడ్చాను, మధ్యలో నవ్వూ వచ్చింది. భార్గవి పసుపు తుడవబోతే వద్దన్నాను.

ఫ్లాట్లో ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ లైట్ల వల్ల గరగర తప్ప ఏమీ వినపడలేదు. అందుకని ఆదివారం ఆటోలో క్యాంపస్‌కు పట్టుకెళ్లాం. ఏరియల్ తీగను వేపకొమ్మకు కట్టి, ఇక నా హస్తవాసి చూపించమంది భార్గవి. ముందు ఆ వాల్వు తీసి, మళ్లీ నేనే బిగించాను. తర్వాత చెవి తిప్పాను. కాసేపు గరగరలాడి, వార్తలు చదువుతున్న ఆడగొంతు పలికింది.

"అత్తమ్మా, అంతా నీ చలవే" అన్నాను పైకే.

సాయంత్రం ఇంట్లో మా అబ్బాయి ఎంత తిప్పినా రేడియో గరగర కూడా అనలేదు. అమ్మ చేతికి తప్ప పలకదని కోడలితో చెప్పాడు. నేను కిక్కురుమనలేదు. వాల్వు వంటింట్లో, పసుపు డబ్బాలో ఉంది.