వేడి ఎక్కని బొగ్గు

మాది బొగ్గు కాల్చే ఇల్లు. మా చిన్నమ్మాయి చదువుకుని కూడా బొగ్గు పనిలోనే కుదిరింది. వాళ్ల ప్రయోగశాలలో కర్రను బొగ్గు చేసి దానిలోంచి కరెంటు పంపి చూస్తారు. ఈసారి వాళ్లకి కావలసింది వింత ముక్క. కరెంటు పోవాలి, వేడి పోకూడదు.

"రేపు అది నా చేతిలో లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు నాన్నా" అంది.

అప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. బట్టీ మూత మీద చెయ్యి వేయబోతే మా ఆవిడ లాగేసింది.

"ఇప్పుడు గాలి తగిలితే బూడిదేగా! అది కూడా నేనే చెప్పాలా?"

చల్లారాక జానెడేసి కడ్డీలు రెండు తీశాను. ఒకటి చేవదేరిన కర్రది, బరువు. రెండోది తేలిక కర్రది, లోపలంతా బెజ్జాలే. గోటితో కొడితే రెండూ గాజులా మోగాయి.

అమ్మాయి బరువుదానికి తీగలు చుట్టి బ్యాటరీకి కలిపింది. చిన్న బల్బు వెలిగింది. తర్వాత కడ్డీని పొయ్యి మీది ఇనప రేకుపై నిలబెట్టింది. పై కొస నేను పట్టుకున్నాను. చాలాసేపు.

"వేడెక్కిందా?"

"లేదు."

"నిజంగా?"

"లేదన్నానుగా. నువ్వే పట్టుకు చూడు."

పట్టుకుని కెవ్వుమంది. కడ్డీ కిందపడి ముక్కలైంది.

మా ఆవిడ అమ్మాయి చెయ్యి నీళ్ల గిన్నెలో ముంచింది. "నిప్పులు ఏరి ఏరి ఆయన వేళ్లు ఎప్పుడో చెప్పుల అట్టల్లా మొద్దుబారాయి. వాటిని నమ్మావు చూడు, నిన్ను అనాలి!"

ఇక మిగిలింది తేలికది ఒక్కటే. ఈసారి తీగలు నేను చుట్టాను. బల్బు దీనికీ వెలిగింది.

"బెజ్జాలెక్కువ కదా, వేడికి దారి దొరక్కూడదు" అంది అమ్మాయి. గొంతులో ధైర్యం లేదు.

కడ్డీ రేకు మీద నిలిచింది. పొయ్యి సెగ తగలకుండా పెంకు అడ్డం పెట్టాను. వేళ్లను నమ్మే పనిలేదు. వంగి పై కొసకు చెంప ఆనించాను.

"ఈ వయసులో బొగ్గుకి ముద్దులేంటయ్యా?" అంది మా ఆవిడ.

"చెప్పు నాన్నా."

చెంపకు ఏమీ తెలియలేదు. ఇంకాసేపు ఆగాను.

"వేడి లేదనుకుంటా" అన్నాను చివరికి.

అమ్మాయి నా మసి చెంప వైపు చూసింది. కాలిన చెయ్యి నీళ్లలోనే ఉంచి, రెండో చెయ్యి చాపి కడ్డీ కొస పట్టుకుంది. నేను బల్బును చూడలేదు. అమ్మాయి ముఖాన్నే చూస్తున్నాను.

"ఇక చాల్లే అమ్మా, వదులు."

"ఉండు నాన్నా, చల్లగానే ఉంది" అంది.

వదల్లేదు.